బొమ్మ కింద ఒక్క లైను వేయండి

స్వాతంత్ర్యోద్యమం చార్టులు, గోడ బొమ్మలు, క్యాలెండర్లు అచ్చువేసే ప్రెస్సుల యజమానులకు, వాటిని ఊరూరా షాపులకు పంపే పబ్లిషర్లకు, బడుల కోసం వాటిని కొనే విద్యాశాఖ అధికారులకు నమస్కారం.

నేను కృష్ణా జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్తాను. ప్రతి జూలై ఆఖర్లో మా హెడ్మాస్టరు గారు కొంచెం డబ్బు చేతిలో పెట్టి, ఆగస్టు 15కి హాల్లో తగిలించడానికి బొమ్మలు తెమ్మంటారు. ఈసారి విజయవాడ వెళ్లి ఆరు చార్టులు తెచ్చాను. పైనా కిందా రేకు పట్టీ, మీద లామినేషన్, చూడ్డానికి నిండుగా ఉన్నాయి. అందులో ఒకటి మన జిల్లా గర్వపడే బొమ్మ. పింగళి వెంకయ్య గారు గాంధీగారికి జాతీయ పతాకం అందిస్తున్నారు. వెనక వేదిక, తోరణాలు, తెల్ల టోపీల వాళ్లు చప్పట్లు కొడుతున్నారు. గాంధీగారు కొల్లాయి కట్టుకుని, పైన ఉత్తరీయం ఒక్కటి వేసుకుని, చంకలో కర్ర పెట్టుకుని రెండు చేతులూ చాచారు. జెండా మధ్యలో ముదురు నీలం అశోక చక్రం. కింద తెలుగులో, ఇంగ్లీషులో ‘1921, విజయవాడ’ అని రాసి ఉంది.

అది తగిలిస్తుంటే స్టూలు పట్టుకున్న తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది, “సార్, చక్రం 1947లో పెట్టారని మొన్న మీరే చెప్పారు కదా, మరి 1921లో ఎలా ఉంది?” అని. బొమ్మ గీసినాయన తెలీక వేసి ఉంటాడులేమ్మా అన్నాను. ఆ పిల్ల ఊరుకోలేదు. “అయితే వీళ్లిద్దరూ నిజంగా ఇలా నిలబడ్డారా సార్, లేకపోతే అది కూడా ఆయన వేసిందేనా?” అంది. నా దగ్గర సమాధానం లేదు. ఇదే బొమ్మని, పాత ప్రింటుని, నేను పదకొండేళ్లుగా అదే గోడకి తగిలిస్తున్నాను. ఎంతమంది పిల్లలు దాన్ని చూసి అలాగే జరిగిందనుకుని వెళ్లిపోయారో తల్చుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత కూర్చుని చదివాను. అసలు జరిగింది మీ బొమ్మ కంటే బావుంది, అందుకే మీకు చెప్పాలనిపించింది.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. వెంకయ్య గారు అప్పటికే ఎన్నో ఏళ్లుగా జెండా మీదే పడి ఉన్న మనిషి, 1916లోనే ముప్పై నమూనాలతో ఒక పుస్తకం వేశారు. చరఖా పెట్టాలన్న ఆలోచన జలంధర్‌కి చెందిన లాలా హంసరాజ్ గారిది. గాంధీగారు బెజవాడలో వెంకయ్య గారిని పిలిచి, ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద చరఖా ఉండేలా ఒక జెండా చేసివ్వమన్నారు. ఆయన మూడు గంటల్లో చేసిచ్చారు. మూడు గంటలు! అయినా కొంచెం ఆలస్యమైంది, కమిటీ ముందు పెట్టడానికి వీలు కాలేదు. ఈ సంగతి ఏప్రిల్ 13 నాటి తన ‘యంగ్ ఇండియా’ పత్రికలో గాంధీగారే రాశారు. ఆలస్యం కావడమే మంచిదైందని, ఆ వ్యవధిలో ఆలోచిస్తే మిగతా మతాలవాళ్లకీ చోటుండాలని తోచిందని, అలా తెలుపు కూడా చేర్చామని రాశారు. అంటే మీ బొమ్మలో ఉన్న వేదిక, చప్పట్లు, నిండు సభలో జెండా అందించడం, ఇవేవీ ఆయన చెప్పినదానికి అతకవు. ఉన్నదల్లా ఎక్కడో ఒకచోట కూర్చుని, గడియారం చూసుకుంటూ, ఎర్ర గుడ్డా పచ్చ గుడ్డా ముందేసుకున్న ఒక బందరు నేషనల్ కాలేజీ మాస్టారు. ఆ బొమ్మ ఎవరూ ఎందుకు గీయలేదో నాకు అర్థం కాదు. గీస్తే మా గోడ మీద మొదటి చోటు దానికే ఇస్తాను.

ఇంకొకటి. 1921 మార్చి నాటికి గాంధీగారు కొల్లాయి కట్టుకోవడం మొదలుపెట్టనే లేదు. అప్పటికి ఆయన వయసు 51. ధోవతి, చొక్కా, నెత్తిన టోపీ. చొక్కా వదిలేసి కొల్లాయితో ఉండాలని నిశ్చయించుకున్నది అదే ఏడాది సెప్టెంబర్ 22న, మదురైలో. అంటే బెజవాడ వచ్చి వెళ్లాక దాదాపు ఆరు నెలలకి. జెండా మధ్యలో చరఖా ఉండాల్సిన చోట చక్రం, చొక్కా ఉండాల్సిన చోట ఉత్తరీయం. తెలుపు పైన, ఆకుపచ్చ మధ్యన, ఎరుపు కింద ఉన్న తొలి జెండా పిల్లలకి చూపిస్తే గుర్తుపట్టరు, ఎందుకంటే వాళ్లు ఏ గోడ మీదా దాన్ని చూడలేదు. ఎరుపు పోయి కాషాయం పైకొచ్చింది 1931లో. చరఖా పోయి చక్రం వచ్చింది 1947 జూలై 22న, రాజ్యాంగ సభలో. ఈ మధ్యలో ఎంత చర్చ జరిగిందో, ఎవరెవరు ఎందుకు ఒప్పుకోలేదో అంతా పిల్లలకి చెప్పాల్సిన కథ. మీ బొమ్మ ఆ పాతికేళ్లనీ ఒక్క బొట్టులా నుదుటి మీద పెట్టేసింది.

చార్టు వెనకాల ఫోన్ నంబరు ఉంటే చేశాను. ఎత్తినాయన మర్యాదగానే మాట్లాడారు. “సార్, అది పాత డిజైను, ఎప్పట్నుంచో పోతోంది, చక్రం లేకపోతే జెండా తప్పేశారని షాపువాళ్లు వెనక్కి పంపిస్తారు” అన్నారు. ఆయన మాట అబద్ధం కాదని నాకూ తెలుసు. మరి ఇది ఊహాచిత్రం అని కింద వేయొచ్చు కదండీ అంటే, “అలా వేస్తే ఎవరు కొంటారు సార్” అన్నారు. అప్పుడే ఈ ఉత్తరం రాయాలనుకున్నాను. ఆయన ఒక్కరికి కాదు, మీ అందరికీ.

దయచేసి నన్ను బొమ్మలంటే గిట్టనివాడి కింద లెక్కవేయకండి. నాకు ఈ దేశం మొదట పరిచయమైంది బొమ్మలోనే. మా అమ్మమ్మ వాళ్లింట్లో దేవుడి గూటి పక్కనే చెక్క ఫ్రేములో భారతమాత బొమ్మ ఉండేది. చుట్టూ గుండ్రటి గీతల్లో గాంధీ, నెహ్రూ, పటేల్, బోస్. అమ్మమ్మ పొద్దున్నే రాములవారికి పెట్టిన కుంకుమ వేలితోనే అద్దం మీద అమ్మవారికీ పెట్టేది. ఏళ్ల తరబడి పెట్టీ పెట్టీ అద్దం మీద ఒక ఎర్రటి మట్టిగడ్డలాగా లేచిపోయింది, గోటితో గీకితే పొరలు పొరలుగా వచ్చేది, నేను గీకినందుకు వీపు మీద ఒకటి పడింది కూడా. చదువురాని మనిషి. నెహ్రూ ఎవరు, బోస్ ఎవరు ఆవిడకి తెలిసింది ఆ బొమ్మ వల్లే. పుస్తకాలు వెళ్లలేని చోటికి మీ ప్రింటు వెళ్లింది, దానికి నేను చెయ్యెత్తి దణ్ణం పెడతాను.

ఈ శక్తి సంగతి తెలిసినవాళ్లకి ముందు నుంచీ తెలుసు. రవివర్మ గారు 1894లో బొంబాయిలో రంగుల ప్రెస్సు పెట్టారు, రాజుల గోడల మీదుండే లక్ష్మి, సరస్వతి మామూలు ఇళ్లలోకి వచ్చేశారు. 1905లో అవనీంద్రనాథ్ టాగూర్ భారతమాతని గీసినప్పుడు, చేతనైతే దీన్ని పదుల వేల ప్రతులు అచ్చువేయించి, కేదారనాథ్ నుంచి కన్యాకుమారి దాకా రైతు గుడిసెల్లో, చేతిపనివాళ్ల ఇళ్లలో గోడలకి అంటించాలని ఉందని సిస్టర్ నివేదిత రాశారు. ఆ భారతమాతని ఎప్పుడైనా చూశారా? సింహం లేదు, జెండా లేదు, వెనక దేశ పటం లేదు. కాషాయం కట్టుకున్న ఒక సన్నటి ఆడమనిషి, నాలుగు చేతుల్లో పుస్తకం, వరి కంకులు, జపమాల, తెల్లటి బట్ట. చదువు, తిండి, భక్తి, బట్ట. సింహం, కిరీటం తర్వాత తర్వాత అచ్చు బొమ్మల్లో వచ్చి చేరాయి. అదీ చరిత్రే, ఎవరు ఎప్పుడు చేర్చారో చెప్తే.

బ్రిటిష్‌వాడికి కూడా ఈ ప్రింట్లంటే భయం. భగత్‌సింగ్‌ని 1931 మార్చి 23న ఉరితీశాక కాన్పూరు, లాహోరు లాంటి ఊళ్లలో ఆయన బొమ్మలు అచ్చయితే ప్రభుత్వం నిషేధించి పట్టుకుపోయింది. తన తల తానే పళ్లెంలో పెట్టి భారతమాతకి సమర్పిస్తున్న బొమ్మ వాటిల్లో ఒకటి. అలా జరిగిందని చూసినవాళ్లెవరూ అనుకోలేదు. ఆ గీసినవాడి కడుపుకోత అది, చూసేవాడికీ తెలుసు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఈరోజు మా పిల్లలు పసుపు తలపాగా, మెలితిప్పిన మీసం, చేతిలో పిస్తోలు ఉన్న భగత్‌సింగ్‌ని చూసి అది ఫోటో అనుకుంటున్నారు. ఆయన ఫోటోలు దొరికినవే నాలుగు. పిస్తోలు వాటిల్లో ఒక్కదాంట్లోనూ లేదు, పసుపు రంగు కనపడటానికి అవి రంగుల ఫోటోలూ కావు. అన్నిటికంటే పేరున్నది 1929లో ఢిల్లీ కశ్మీరీ గేటు దగ్గర స్టూడియోలో తీయించుకున్నది, టోపీ పెట్టుకుని నేరుగా మన కళ్లలోకి చూస్తున్నది. అసెంబ్లీలో బాంబు వేయడానికి కొద్ది రోజుల ముందు. నేను క్లాసులో ఆ ఫోటో చూపించి, ఈ అబ్బాయికి ఇరవై ఒక్కటో ఇరవై రెండో, మన కాలేజీ కుర్రాళ్లంత అంటే గది గదంతా నిశ్శబ్దం అయిపోతుంది. తలపాగా బొమ్మకి అంత నిశ్శబ్దం రాదు.

ఎర్రకోట సంగతి కూడా చెప్పాలి. మీ చార్టుల్లో ‘1947 ఆగస్టు 15, ఎర్రకోటపై జెండా ఎగురవేస్తున్న నెహ్రూ’ అని ఉంటుంది. నెహ్రూ గారు ఎర్రకోట మీద జెండా ఎగరేసింది 16న. 15 సాయంత్రం ఎగరేసింది ఇండియా గేటు దగ్గర ప్రిన్సెస్ పార్కులో. అక్కడ జనం ఎంత తోసుకొచ్చారంటే అనుకున్న కవాతు జరగనే లేదు. నా సర్వీసులో పదోతరగతి పిల్లలకి బిట్ పేపర్లో ఈ తేదీ తప్పు రాయించిన మాస్టర్లలో నేనూ ఉన్నాను, చార్టు చూసి నేర్చుకున్నదే మరి.

మన దగ్గరివే తీసుకోండి. అల్లూరి సీతారామరాజు గారిని 1924 మే 7న కొయ్యూరులో చెట్టుకి కట్టి కాల్చారు. ఆ తర్వాత పడుకోబెట్టి తీసిన ఫోటో ఉంది. దాన్ని పిల్లలకి చూపించడం కష్టం, నేనూ చూపించను. కానీ చాలా చార్టుల మీదున్న ముఖం సినిమా నటుడి పోలిక. చేతిలో ఎప్పుడూ విల్లే. విల్లు అబద్ధమని అనను, మన్యంలో విలుకాళ్లు ఆయన వెంట నడిచారు. కానీ 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి, వరసగా మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్ల మీదికెళ్లి తుపాకులు, తూటాలు పట్టుకెళ్లిన మనిషి ఆయన. ఆ మూడు రోజుల బొమ్మ నాకు ఏ షాపులోనూ దొరకలేదు. తెలంగాణలో పనిచేసే నా స్నేహితుడొకరు ఇలాంటిదే చెప్పారు. నిజాం బేగంపేట విమానాశ్రయంలో పటేల్‌కి నమస్కరిస్తున్న ఫోటోకి రంగులేసి, కింద 1948 సెప్టెంబర్ 17 అని వేస్తున్నారట. ఆ రోజు పటేల్ హైదరాబాద్‌లో లేరు. నిజాం ఆ రోజు రేడియోలో మాట్లాడారు, మర్నాడు 18న నిజాం సేనాధిపతి ఎల్ ఎడ్రూస్ తన సైన్యంతో భారత సైన్యం జనరల్ చౌధురి ముందు లొంగిపోయారు. పటేల్ వచ్చింది తర్వాత. ఫోటో నిజమైనదే, కింద వేసిన తేదీ దాన్ని తప్పు చేసింది.

ఇది మన ఒక్కళ్ల జబ్బు కాదులెండి. మా తమ్ముడు కుటుంబంతో న్యూజెర్సీలో ఉంటాడు, వాళ్లకి దగ్గర్లోనే డెలావేర్ నది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1776 డిసెంబర్ 25 రాత్రి జార్జి వాషింగ్టన్ ఆ నది దాటి వెళ్లి శత్రువుల మీద పడ్డాడు. ఆ ఘట్టాన్ని లాయిట్జ అనే చిత్రకారుడు 1851లో, అదీ జర్మనీలో కూర్చుని గీశాడు, పన్నెండడుగుల ఎత్తు, ఇరవై ఒక్క అడుగుల వెడల్పు. దాని అచ్చు ప్రతులు వాళ్ల బడుల్లో, ఇళ్లలో ఎన్ని తరాలు వేలాడాయో లెక్కలేదు. పడవలో చుక్కలూ గీతలూ ఉన్న జెండా రెపరెపలాడుతుంటుంది. ఆ జెండాని వాళ్లు ఒప్పుకున్నది 1777 జూన్‌లో! అంటే మనకి బెజవాడలో చక్రం ఎలాగో వాళ్లకి డెలావేర్‌లో చుక్కలు అలాగ. మా తమ్ముడి కూతురి క్లాసులో టీచరు ఆ బొమ్మ ముందు పెట్టి, ఇందులో జరగనివి ఏమున్నాయో వెతకండి అన్నారట. ఆ పిల్ల జెండా కనిపెట్టానని ఫోన్లో నాకు ఎంత సంబరంగా చెప్పిందో. ఆ బొమ్మని వాళ్లు తీసి పారేయలేదు. న్యూయార్క్ మ్యూజియంలో గోడంతా పరిచి పెట్టుకున్నారు, పక్కన గీసినవాడి పేరు, గీసిన ఏడాది ఉన్నాయి. 1776కీ 1851కీ మధ్య ఎంత దూరం ఉందో చూసిన ప్రతివాడూ లెక్కవేసుకోగలడు.

నేను మిమ్మల్ని అడిగేది అదే. బొమ్మ కింద ఒక్క లైను. గీసింది ఎవరు, ఏ ఏడాది, ఫోటో చూసి గీశారా, ఊహించి గీశారా.

ప్రెస్సు పని తెలిసినవాళ్లని అడిగి కనుక్కున్నాను. అక్షరాలు నలుపులోనే పడతాయి కాబట్టి నాలుగు రంగుల ప్లేట్లలో నలుపుది ఒక్కటి మారిస్తే చాలన్నారు. మళ్లీ బొమ్మ గీయించక్కర్లేదు, కాగితం పెరగదు, రేటు పెంచక్కర్లేదు. పాత స్టాకు ఉంటే ఒక స్టిక్కరు అంటించినా పర్వాలేదు.

గీసినవాళ్ల పేరు వేయమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా హాల్లో ఉన్న పాత ప్రింటు కిందికి దింపి తుడుస్తుంటే, కుడి వైపు మూల గడ్డిపరకల మధ్య సన్నటి బ్రష్షుతో పెట్టిన సంతకం కనిపించింది. రెండక్షరాలు ఉన్నాయి, మిగతాది కటింగులో పోయింది. భూతద్దం పెట్టి చూశాను, ‘రా’ తర్వాత ఇంకేదో. ఆ బొమ్మలో తోరణాలకి ఆకు ఆకుకీ విడిగా నీడ వేశాడాయన. వెంకయ్య గారి కోటు మడతలు చూస్తే ఆ మనిషి ఎంత ఓపిగ్గా కూర్చున్నాడో తెలుస్తుంది. 1921 జెండా మీద చక్రం వేయడం తప్పే, కానీ ఆ చక్రం ఆకులు లెక్కపెట్టి సరిగ్గా 24 వేశాడు. అలాంటి పనివాడి పేరు మన చేతుల్లోనే కత్తిరించుకుపోయింది. కొత్తగా వస్తున్న చార్టుల్లో ఆ ఓపిక కూడా కనపడటం లేదు. కంప్యూటర్ చేసిన బొమ్మలు వచ్చేస్తున్నాయి, పోయిన ఆగస్టులో వాట్సాప్‌లో వచ్చిన ఒకదాంట్లో నేను లెక్కపెడితే చక్రానికి పంతొమ్మిది ఆకులే ఉన్నాయి. రేపు అది కూడా లామినేషన్ అయ్యి గోడెక్కితే, తప్పు అని చెప్పడానికి ఎవరి పేరు పట్టుకోవాలి?

మన రాజ్యాంగం అసలు ప్రతిని ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా గారు చేత్తో రాస్తే, నందలాల్ బోసు, ఆయన శాంతినికేతన్ శిష్యులు పేజీ పేజీకీ బొమ్మలు వేశారు. అందులో దండి యాత్ర ఉంది, గాంధీగారి నౌఖాలీ పర్యటన ఉంది, ఝాన్సీ రాణి ఉంది. నందలాల్ ఝాన్సీ రాణిని చూడలేదు, ఊహించే గీశారు. కానీ అవి ఆయన బృందం గీసినవని, 1950 నాటికి పూర్తయ్యాయని దేశమంతటికీ తెలుసు. రాజ్యాంగం బొమ్మలకే గీసినవాళ్ల పేరు ఉన్నప్పుడు మా బడి గోడ బొమ్మకి ఎందుకు ఉండకూడదు?

విద్యాశాఖ పెద్దలు ఒక్క మాట అనుకుంటే ఇది జరుగుతుంది. కొనే ఆర్డర్లో కాగితం మందం, సైజు, లామినేషన్ అన్నీ రాస్తారు కదా, ఆ వరసలోనే చిత్రకారుడి పేరు, ఏడాది, ఆధారం ఉండాలని ఒక వాక్యం చేర్చండి. బడి గోడల మీద నేరుగా పెయింటింగు వేయించేటప్పుడు కూడా అంతే. పబ్లిషర్లు అప్పుడు షాపువాడి మీదికి తోసేయక్కర్లేదు. వీలైతే మన రెండు రాష్ట్రాల్లో ఫైన్ ఆర్ట్స్ చదువుకుని పని లేక తిరుగుతున్న పిల్లలకి ఒకటి రెండు బొమ్మలు అప్పగించండి. ఆ మూడు గంటల జెండా బొమ్మ ముందు గీయించండి. దానికి ఏం ఆధారాలు కావాలన్నా నా దగ్గరున్నవి జిరాక్స్ తీసి నా ఖర్చుతో పంపిస్తాను.

మా హాల్లో చార్టుని దింపలేదు. కింద రేకు పట్టీ మీదుగా తెల్ల కాగితం అంటించి, ఆ అమ్మాయి చేతే రాయించాను. గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: ‘ఇది ఊహాచిత్రం. 1921లో జెండా మీద చరఖా ఉండేది. అప్పుడు గాంధీగారు చొక్కా, టోపీ వేసుకునేవారు. వెంకయ్య గారు జెండాని మూడు గంటల్లో తయారు చేశారు. గీసినవారు:’ అని రాసి, అక్కడ ఆగి, నా వైపు చూసింది. తెలియదమ్మా అన్నాను. చుక్కలు పెట్టి వదిలేసింది.

మేం వచ్చే ఏడాది బొమ్మలు కొనేది జూలై ఆఖర్లో. మీరు అచ్చుకి ఇచ్చేది అంతకంటే ముందే కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

ఇట్లు,
కృష్ణా జిల్లా నుంచి ఒక సోషల్ మాస్టారు